మామచెట్టు పంతులు

నాయనలారా, ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో గాడిదను నేనే. వినయం కొద్దీ అంటున్న మాట కాదు, నిఘంటువు సాక్ష్యం ఉంది. గంగరావికి సంస్కృతంలో గర్దభాండం అని పేరు. చిన్నప్పుడు మా గురువుగారు చెవి మెలిపెట్టి మరీ వల్లె వేయించారు. గంగరావి అన్న తెలుగు మాటా నాకు తెలుసు. రాజమండ్రిలో మా కాలేజీ వెనక, గోదావరి గట్టు మీద, రావాకులాంటి ఆకూ బెండపువ్వులాంటి పసుపు పువ్వూ ఉన్న చెట్టొకటి ఉండేది. దాన్నీ ఎరుగుదును. రోజూ మధ్యాహ్నం దాని కిందే తలపాగా విప్పి చెమట తుడుచుకునేవాణ్ణి. ఈ మూడూ ఒకటేనని మాత్రం తెలియదు. కాబట్టి ఆ నీడన కూర్చున్నంతసేపూ పైనున్నది గర్దభాండం, కిందున్నది అందులో మొదటి సగం.

అప్పటికి నేను కాలేజీలో రెండో తెలుగు పండితుణ్ణి. గోదావరి మీద రైలు వంతెన స్తంభాలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి తలెత్తుతున్న రోజులు. కొవ్వూరు పోవాలంటే ఇంకా పడవే దిక్కు. మా ప్రిన్సిపాలు దొరగారు మంచివారే. తెలుగు మునిషీ దగ్గర వ్యాకరణం పట్టుకుని నేర్చుకున్నవారు గనక, నాకన్నా శుద్ధమైన తెలుగు మాట్లాడేవారు. ఆయనకొకనాడు బుద్ధి పుట్టింది.

"పండితులు! మన ఆవరణమున మొలచునది, పాకునది, ఎగురునది ప్రతిదియు నాకు కావలెను. పేరు, రూపము, ప్రయోజనము. మూడు గళ్ళు."

గళ్ళు గీయడం వరకు బాగానే వచ్చింది. జంతువులతో మొదలుపెట్టాను, అవి నడిచి నా దగ్గరికే వస్తాయి గనక. మెట్ల కింద ముంగిస జంట, కంచె మీద పాలపిట్ట, వసారాలో పంచాయితీ పెట్టే గోరింకలు, నా మధ్యాహ్నపు అటుకులకు వాటాదారులైన ఉడతలు. పరీక్షల హాలు దూలాలకు గబ్బిలాలు తలకిందులుగా వేలాడేవి. మా విద్యార్థుల్లో చాలామంది జవాబులు ఆ భంగిమలోనే రాసేవారు. తొండకు ప్రయోజనం ఏం రాయాలో తోచక "తల ఊపును" అని రాశాను. కాలేజీ గుమాస్తాగారు కళ్ళజోడు పైకి జరిపి చూశారు.

"పంతులుగారూ, ఈ లెక్కన మన ఉద్యోగులందరినీ ఈ గడిలోనే సర్దేయొచ్చండి."

చెట్ల దగ్గరికొచ్చేసరికి నా బండారం బయటపడింది. శ్లోకాల్లో నాకు తెలియని చెట్టు లేదు. శ్లోకం బయట నాకు తెలిసిన చెట్లు నాలుగో అయిదో. అప్పుడు దిక్కయింది మా ఆవరణ ఊడ్చే ఆమె. రేవు పక్క పల్లెకారుల పేటలో ఉండేది. ఆకు రాలిన చప్పుడు విని ఏ చెట్టుదో చెప్పగలిగిన మనిషి. రోజూ వాటిని ఊడ్చేది ఆమే కదా.

"ఇదేంటమ్మా?"

"కానుగండి. పళ్ళు తోముకుంటారు కదండీ."

"ఇది?"

"పొగడండి. పువ్వు ఎండినా వాసన పోదండి."

"ఈ ముళ్ళ కంకి?"

"ఉత్తరేణండి. చీరకంటుకుందంటే ఒక పట్టాన వదలదండి. మా అత్తలాగ."

ఆమె చెబుతుంటే నేను రాయడం, నేను రాస్తుంటే విద్యార్థులు చూసి నవ్వడం. పొగడను చెప్పినందుకు ఆమెను పొగిడాను, ఉత్తరేణి ఉత్తర దిక్కున ఉందని రాసుకున్నాను. అలా తిరిగి తిరిగి గట్టు మీది పసుపు పువ్వుల చెట్టు దగ్గరికొచ్చాం. ఆమె చీపురు చంకలో పెట్టుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, పక్కకు తిరిగింది.

"అది మావ చెట్టండి."

"మామ చెట్టా?"

"ఆయ్. పడవ కట్టుకోడానికి పాతిన గుంజండి అది. పచ్చిది పాతేసరికి చిగిరించేసిందండి."

"దేనికి పనికొస్తుంది?"

ఆమె గోదావరి వైపు చూసింది. "ఊరికే చూసుకోడానికండి," అంది.

చూసుకోవడం ప్రయోజనాల గడిలో ఇమిడే మాట కాదనిపించింది. పేరు: మామచెట్టు. ప్రయోజనం: లేదు. అంత గుండ్రంగా, అందంగా నేను మరే మాటా రాయలేదేమో.

ఆ వారంలోనే నాకు బుద్ధి రావలసింది. గేటు ముందు గంగిరెద్దు సన్నాయి వినబడితే ఆమె, "మావెద్దులోడొచ్చాడండి!" అని కేక వేసింది. నీళ్ళ తొట్టి పక్కనున్న గంగాళాన్ని "మావాళం" అంది. నేనేం చేశానంటే, పేటవారి మాండలికంలో ఇదొక విశేషమని విడిగా ఒక కాగితం మీద రాసి దాచుకున్నాను.

జాబితా అచ్చయింది. ప్రతులు మద్రాసు దాకా వెళ్ళాయి. చెట్లకు రేకు ముక్కల మీద పేర్లు రాయించి మేకులు కొట్టారు. మామచెట్టు అన్న పేరు దొరగారికి ఎంత నచ్చిందంటే, ఈ దేశస్థులు పిల్లనిచ్చిన మామను వృక్షరూపమున ఆరాధింతురని తమ క్లబ్బులో ఒక సాయంకాలమంతా ఉపన్యసించారట. గుమాస్తాగారికి అంతకన్నా నచ్చింది. అప్పటినుంచి నన్ను చూడగానే, "దయచేయండి మామగారూ! అమ్మాయి కులాసాయేనా?" అనేవారు. విద్యార్థులకు నేను మామచెట్టు పంతులునైపోయాను. నా అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఒక సాయంకాలం పాఠాలయ్యాక ఆమె కార్డు ముక్క పట్టుకుని వచ్చింది.

"పంతులుగారండి, రంగానికి ఓ ఉత్తరం ముక్క రాసిపెట్టాలండి."

వాళ్ళాయన కాకినాడలో పొగఓడ ఎక్కి బర్మా దేశపు రంగం వెళ్ళి ఎనిమిదేళ్ళయిందట. ఎవరో మేస్త్రీ వచ్చి, బియ్యం మిల్లులో పని అని తీసుకుపోయాడు. నాటకాల్లో రంగం మీదికి వెళ్ళినవాడు తెర పడేలోగా తిరిగొస్తాడు. ఈ రంగం తీరు వేరు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను: ముసలమ్మ బాగుంది, వల చిరిగితే బాగుచేయించాం, నువ్వు పాతిన గుంజ ఇప్పుడు నిచ్చెన వేస్తే గానీ అందదు, దానికి సర్కారు వారు రేకు కొట్టారు.

"పైన పేరేం రాయమంటావు?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"మిల్లు పేరు చెప్పావు, మేస్త్రీ పేరు చెప్పావు. మనిషి పేరు లేకపోతే కార్డు ఎవరికిస్తారమ్మా?"

"ఆ చెట్టు పేరేనండి," అంది నేల చూస్తూ. "మొదటి సగం చాలండి."

"మామా?"

ఆమె మెట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "మీకు తెలీదా అండి?"

"ఎందుకు తెలీదూ! తెలుసు, తెలుసు. ఇంటి దగ్గర తీరిగ్గా రాసి పోస్టులో వేస్తాలే," అని కార్డు జేబులో పెట్టుకుని ఇంటికి పారిపోయాను.

అన్నం పెడుతూ మా ఆవిడ కథంతా విన్నది. మావెద్దూ మావాళమూ కూడా చెప్పాను, మాండలిక విశేషం గదా అని. ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"ఏమండీ, గంగిరెద్దులోనూ గంగాళంలోనూ ఆ మనిషి ఏ ముక్క తీసేసిందో చూశారా?"

చూశాను.

"ఆ ముక్క ఆ చెట్టుకు చేర్చండి. అది గంగరావండి. మగడి పేరు నోటంట అంటే ఆయనకు ఆయుష్షు తరిగిపోతుందని, ఎక్కడ ఆ పేరొచ్చినా మావ అనేస్తోంది పాపం. మీరేమో దాన్ని అచ్చే వేయించారు!"

ఆ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటి. మా పెరట్లో నా పేరున్న మొక్క ఒకటుంది. ఏ మొక్కో చెప్పను. ఆవిడ చెప్పని పేరు నేనెందుకు చెప్పాలి? దాన్ని ఆవిడ ఇన్నేళ్ళుగా "గోడపక్క మొక్క" అనే అంటోందని ఆ పూటే గమనించాను. పెళ్ళినాడు గడప దగ్గర మా అక్కలు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమంటే ఒక్కసారి చెప్పింది. అంత సన్నగా చెప్పింది, మేళం మోతలో నా చెవిన పడనేలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి అక్కలకు తోచలేదు. నాకు ధైర్యం చాలలేదు.

కార్డు మీద పేరు సరిగ్గానే రాసి వేశాను. జాబితాలో తప్పు సంగతి మాత్రం రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. మద్రాసు దాకా వెళ్ళిన కాగితం, క్లబ్బులో ఉపన్యాసం, పైగా గుమాస్తాగారి నోరు. సెలవులయ్యాక చెబుదాం అనుకున్నాను. సెలవులయ్యాయి. దొరగారికి క్రికెట్టు మైదానం కావలసి వచ్చింది.

ఆ రోజు నాకిప్పటికీ గడియ గడియగా గుర్తుంది. దొరగారు జాబితా చేత్తో పట్టుకుని గట్టు వైపు నడుస్తున్నారు. వెనక గొడ్డళ్ళతో ఇద్దరు, గుమాస్తాగారు, నేను. ప్రయోజనం ఉన్న చెట్టు ఏదైనా సరే ఉంచుతారట. మైదానమే కొంచెం పక్కకు జరుపుతారట. అలా వేప బతికింది, కానుగ బతికింది, పొగడ బతికింది. పసుపు పువ్వుల చెట్టు ముందు ఆగారు.

"మామ. ప్రయోజనము లేదు," అని చదివారు. చంకలోని లావుపాటి మొక్కల పుస్తకం తిరగేశారు. "ఈ గ్రంథమునను మామ కానరాడు. పండితులు, ఈ మామ వలన నిజముగా ఏ పనియు లేదా?"

గంగరావి కలప బండి చక్రాలకు వాడతారని, కాయ పసరు చర్మరోగాలకు పూస్తారని అప్పటికి మా ఆవిడే చెప్పి ఉంది. ఆ పుస్తకంలో గంగరావి పేరు కింద అవన్నీ ఉండే ఉంటాయి. నాలుగక్షరాలు చాలు. గుమాస్తాగారు పెదవి చివర నవ్వు సిద్ధం చేసుకుని నా వైపే చూస్తున్నారు.

దొరగారు చీపురుతో నిలబడ్డ ఆమె వైపు తిరిగారు. "అమ్మా, నీవు చెప్పుము. దీని పేరు ఏమి?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. చెప్తే చెట్టు నిలుస్తుంది. చెప్తే, ఆమె లెక్కలో, రంగంలో మనిషి నిలవడు. నా వైపు చూసింది. 'మీరు చెప్పండి బాబూ' అన్నట్టు చూసింది. ఆ పేరు తెలిసీ, పలకడానికి ఏ అడ్డూ లేనివాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

"నాకూ తెలియదండి," అన్నాను.

"పేరు జాబితాలో సరిగా లేనిది మైదానమున ఉండరాదు," అన్నారు దొరగారు.

చెట్టు పడటానికి ఎక్కువసేపు పట్టలేదు. పొద్దున పసుపుగా విచ్చే ఆ పువ్వులు సాయంకాలానికి ఎర్రబారి రాలడం రివాజు. ఆ పూట పసుపుగా ఉండగానే నేల మీద పడ్డాయి. ఆమె వాటినీ ఊడ్చేసింది. మర్నాటినుంచి ఆవరణంతా అద్దంలా ఊడ్చేది, నా తరగతి గది ముందు తప్ప. ఆకులు చీలమండల దాకా పేరుకున్నాయి. నేను వాటిమీద గలగలా నడిచి వెళ్ళి సంధి పాఠం చెప్పేవాణ్ణి. విసంధి ఎవరితో వచ్చిందో విద్యార్థులకు అర్థమయ్యే ఉంటుంది.

నాలుగో రోజున రంగం నుంచి జవాబు వచ్చింది. అన్నేళ్ళలో మొదటిది. ఇంకెవరిచేతో రాయించిన మూడు ముక్కలు. చదివిపెట్టడానికి నేనే దొరికాను. పేటలో చదువుకున్నవాడు లేడు గనక వచ్చింది గానీ, నన్ను క్షమించి రాలేదు.

"కులాసా. మేస్త్రీ మారాడు," అని చదివి ఆగిపోయాను.

"ఇంకేం లేదా అండి?"

"'చెట్టు ఎంతయింది?' అని అడిగాడమ్మా."

ఆమె కార్డు నా చేతిలోంచి తీసుకుని, ఆ ముక్క ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపించాను. అక్కడే బొటనవేలు పెట్టి పట్టుకుని నిలబడింది. "ఏం రాస్తారండీ జవాబు?" అంది. "మీరే ఆలోచించండి. మీరు చదువుకున్నోరు."

చదువుకున్నవాడు ఆ రాత్రి నిద్రపోలేదని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, పోయాడు. పొద్దున్న లేచి పళ్ళు తోముకుంటూంటే ఆమె మొదటిరోజు చెప్పిన మాట తగిలింది. పడవ కట్టుకోడానికి పాతిన గుంజండి. పచ్చిది పాతేసరికి చిగిరించేసిందండి.

మైదానంలోకి గేదెలు జొరబడుతున్నాయని దొరగారు చుట్టూ కంచె వేయమన్నారు. గుంజలకోసం గుమాస్తాగారు కొండల మీంచి వెదురు తెప్పించాలని కాగితం రాస్తున్నారు. ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"వెదురెందుకండీ? కొట్టిన చెట్టు కొమ్మలు గట్టు మీదే పడున్నాయి. ఇంకా పచ్చి ఆరలేదు. మనిషెత్తు నరికిస్తే చుట్టూ చాలుతాయి."

"మామను గుంజలు చేస్తారా మామగారూ? పాపం కాదూ?"

"అల్లుళ్ళకు ఉపయోగపడితే మామకంతకన్నా ఏం కావాలండి?"

ఆయన నవ్వి సంతకం పెట్టించారు. వృథా లేకుండా చేశానని దొరగారు భుజం తట్టారు. గుంజలు పాతుతుంటే ఆమె దూరంగా చీపురు ఆపి చూసింది. పాతేవాడొకడు తలకిందులుగా దింపబోతే పరుగున వచ్చి, "మొదలు కిందకి, మొదలు కిందకి పెట్టెహె!" అని కసిరింది. నాతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం నా గది ముందు ఆకుల్లేవు.

తొలకరి పడింది. ఒక్కో గుంజ కణుపుల దగ్గర పచ్చగా పగిలింది. శ్రావణం వచ్చేసరికి మైదానం చుట్టూ చిన్న చిన్న గొడుగులు. దొరగారు నన్ను పిలిపించారు. పక్కన గుమాస్తాగారు.

"పండితులు! ఈ గుంజలు బ్రతికినవి. ఇది ఏ వృక్షము?"

"గంగరావండి," అన్నాను. అవతలి గట్టున కొవ్వూరు రేవులో పడవవాడికి వినబడేంత గట్టిగా అన్నాను. "జాబితాలో మామచెట్టు అన్నది నా తప్పండి. ఆ సంగతి తెలిసీ చెప్పకపోవడం ఇంకో తప్పండి."

దొరగారు పుస్తకం విప్పి చాలాసేపు చదివారు. మూసి, ఖాళీగా ఉన్న పాత చెట్టు చోటు వంక చూశారు. "ఒక్క మాట, పండితులు. ఒక్క మాట చాలియుండెను," అన్నారు. కోప్పడితే బాగుండుననిపించింది. అన్ని గుంజలకూ రేకులు కొట్టించమని, ఏ ఒక్కటీ నరకరాదని, జాబితాలో దిద్దమని చెప్పి వెళ్ళిపోయారు. గుమాస్తాగారు ఎందుకో ఆ రోజు నన్ను పంతులుగారూ అనే పిలిచారు.

రంగానికి జవాబు ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "చెట్టెంతయిందని అడిగేవు. ఒకటి శానా అయింది. వచ్చి నీ కళ్ళతో లెక్కెట్టుకో. అలాగే రాయండి."

వచ్చాడా అని అడుగుతారు మీరు. నేను ఉద్యోగం మానేనాటికి రాలేదు. రాడని ఆమె అనలేదు, వస్తాడని నేను అనలేదు. ఇద్దరం గట్టు మీద నిలబడి పొగఓడల్లేని గోదావరిని చూసేవాళ్ళం. తర్వాత వంతెన పూర్తయింది, రైలు నడిచింది, పడవలు తగ్గాయి. ఇప్పుడు నాకు ఏ జాబితా రాసే పనీ లేదు. ఉడతలకు అటుకులు వేయడానికైనా ఆ మెట్లు ఎక్కాలనిపిస్తుంది, మోకాళ్ళు ఒప్పుకోవు. మా ఆవిడ పోయి మూడు తొలకరులయింది. గోడపక్క మొక్క ఉంది. నేనూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నాను. నా పేరు నా నోట అన్నా ఆవిడ గొంతు రాదు కదా.

ఇక చివరి సంగతి. ఆ గుంజలు పాతిన మూడో ఏట, దొరగారు స్వయంగా విద్యార్థులతో ఆటకు దిగారు. పరుగులు రాసే పుస్తకం నాకిచ్చారు. ఆట అర్థం కానివాడు పక్షపాతం చూపడని వారి నమ్మకం. దొరగారు ఒక బంతిని గట్టు వైపు లేపి కొట్టారు. అది తిన్నగా వెళ్ళి గంగరావి కొమ్మల్లో పడి, ఆకు మీంచి ఆకు మీదికి జారి, కింద కొంగులోకి రాలిన ఆకులు ఎత్తుకుంటున్న ఆమె ఒళ్ళో పడింది. నేల తాకలేదు.

"మామ పట్టాడు! ఔటు!" అని కుర్రాళ్ళంతా ఎగిరారు.

"వృక్షము పట్టిన యెడల ఔటు కాదు," అని దొరగారు బ్యాటు నేలకు కొట్టి, నా వంక చూశారు. "పండితులు, మీరు చెప్పుడు."

నేను లేచి నిలబడి తలపాగా సర్దుకున్నాను. వారి తెలుగులోనే మనవి చేశాను.

"దొరవారూ, పేరు జాబితాలో సరిగా లేనిది మైదానమున ఉండరాదని తమరే సెలవిచ్చితిరి. వీరి పేరు ఇప్పుడు జాబితాలో సరిగా ఉన్నది. కనుక వీరు ఆటగాళ్ళలో ఒకరు."

 దొరగారు పెద్దగా నవ్వి, బ్యాటు చంకన పెట్టుకుని, గట్టు మీది చెట్టుకు టోపీ ఎత్తి, నడిచి వచ్చేశారు. నేను కలం సిరాలో ముంచి దొరగారి పేరుకెదురుగా రాశాను: ఔటు. పట్టినవారు, గంగరావి. రాసింది పైకి చదవడం నియమం గనక గొంతెత్తి చదివాను, మొదటి సగం కాస్త సాగదీసి. గట్టు మీద ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, బంతి ఒళ్ళోనే ఉంచుకుని, ఇటు తిరిగి విన్నది.

ఆ పుస్తకం అచ్చు కాలేదు. అంచేత అందులో తప్పుల్లేవు.